పన్నెండు గంటల రేటు

జూన్ 3, సోమవారం

ఇవాళ ఉద్యోగంలో చేరాను. కొత్త కుర్చీ, పాత వీధి. బ్యాంకు తలుపుకి సరిగ్గా ఎదురుగా ఉంది ఈ విదేశీ డబ్బు మారకం దుకాణం. రోడ్డు దాటుతూ లెక్కపెట్టాను, ఇరవై ఆరు అడుగులు. వేరే చోట పని దొరక్క కాదు. దుకాణాయన మనిషి కావాలన్నాడు, నాకు జీతం కావాలి, ఇంటి దగ్గర ఒకే బస్సు ఎక్కితే చాలు. అంతే తప్ప ఇందులో పగ ఏమీ లేదు.

ఒకటే గది. అద్దాల కౌంటరు, నోట్లు లెక్కపెట్టే యంత్రం, కిర్రుమనే ఫ్యాను. దుకాణాయన ఎండైనా వానైనా కోటు విప్పడు, వీధంతా ఆయన్ని కోటాయన అంటుంది. ఇరవై మూడేళ్ళు బ్యాంకులో విదేశీ డబ్బు కౌంటరు చూసిన మనిషికి నేనేం నేర్పుతానని తాళాలు నా చేతిలో పెట్టాడు. మొదటిరోజే తాళాలు. అక్కడ ఇరవై మూడేళ్ళలో బీరువా తాళం కూడా ఇవ్వలేదు.

నా కుర్చీలోంచి బ్యాంకు గోడమీది రేట్ల బోర్డు కనబడుతుంది. కొక్కేలకి అంకెల పలకలు తగిలించే బోర్డు. ఆ పలకలు తగిలించింది ఇన్నాళ్ళూ ఈ చేతులే. బోర్డు వెనక గది వాడిది. మేనేజరు. ఎవరికి ఎంత చిల్లర రావాలన్నా కొట్టేసి సున్నా చేస్తాడని రౌండు అని పేరు పెట్టాను. బ్యాంకులో ఆ పేరు బాగా పాకింది. వాడికి తప్ప అందరికీ తెలుసు.

జూన్ 4

పదింటికి పది నిమిషాల ముందు వచ్చాడు. అదే నల్ల గొడుగు. నన్ను చూశాడు. చూడనట్టు లోపలికి వెళ్ళాడు.

జూన్ 7

ఉత్తరం నకలు ఇంకా నా హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పులోనే ఉంది. తీసి చదవడం మానేద్దామనుకున్నాను. బస్సులో చదివాను.

"రెండు కాలమ్‌లను తారుమారుగా చదవడం పూర్తిగా నా అజాగ్రత్త వల్ల జరిగింది." రాత నాది. మాటలు వాడివి.

ఓడల్లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయనకి నెలనెలా బయటిదేశం నుంచి పెన్షన్ వచ్చేది. ఖాతాలో నేరుగా పడే డబ్బుకి ఒక రేటు, చేత్తో తెచ్చే నోట్లకి ఇంకో రేటు. నోట్ల రేటు తక్కువ. పద్నాలుగు నెలల పాటు ఆయన పెన్షన్‌కి నోట్ల రేటు పడింది. కూతురు పట్టుకుని ఫిర్యాదు చేసింది. పై ఆఫీసు నుంచి విచారణకి ఒకాయన వచ్చాడు. ఆయన పక్క కుర్చీలో వాడు కూర్చున్నాడు, ఎదురుగా ఒక్క కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు.

"నోట్ల రేటే వెయ్యండి, పెద్దాయన చూడడు" అని నాతో అన్నది వాడే. అన్నప్పుడు పక్కనే క్యాషియర్ ఉన్నాడు. విచారణలో క్యాషియర్‌ని అడిగారు. అతను దగ్గాడు. ఎంతసేపు దగ్గాడంటే పై ఆఫీసాయనే లేచి మంచినీళ్ళిచ్చి, ఇక వెళ్ళమన్నాడు. అతని సాక్ష్యం అంతటితో అయిపోయింది. అతన్ని దగ్గుల క్యాషియర్ అనేది అంతకుముందు నుంచే. ఆ పేరు నేను పెట్టింది కాదు.

సంతకం పెడితే సగం పెన్షనైనా మిగిలేట్టు చూస్తానన్నాడు రౌండు. పెట్టకపోతే అదీ ఉండదన్నాడు. పెట్టి ఉద్యోగంలోంచి బయటికొచ్చాను. పూర్తి పెన్షన్‌కి నాకప్పటికి తొమ్మిది నెలలుంది.

జూన్ 10

కోటాయనకి ఇవాళ ఒక సలహా ఇచ్చాను. తలుపు మీద రేటు రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. జనం అందరూ ఒకటే పొరపాటు చేస్తారు. బ్యాంకు గోడమీద 'కమిషన్ లేదు' అని చదివి, హమ్మయ్య అనుకుని డబ్బు కట్టేస్తారు. కమిషన్ లేకపోవడమేం, రేటులోనే ఉంది. పై ఆఫీసు నుంచి వచ్చిన రేటుకి రౌండు ఇంకొంత కలుపుతాడు, దాన్ని మేము దిండు అనేవాళ్ళం. దిండు పోగా, చివర్లో సేవా రుసుమని నూట యాభై.

అందుకని ఒక నల్లబల్ల కొని రాద్దామన్నాను. బయటిదేశపు నీలం నోట్లు వెయ్యి కొనాలంటే బ్యాంకులో మీ చేతినుంచి పోయేది ఇంత, ఇక్కడ పోయేది ఇంత, మీకు మిగిలేది ఇంత. ఇవాళ్టికైతే అక్కడ ముప్ఫై ఒక వేల ఏడువందల యాభై, ఇక్కడ ముప్ఫై ఒక వేలు.

కోటాయన గుమ్మంలోంచి బ్యాంకు వైపు చూశాడు. "బ్యాంకువాళ్ళతో మనకెందుకండీ గొడవ?"

"గొడవ కాదండీ, తీసివేత" అన్నాను.

జూన్ 11

బల్ల పెట్టాం. నా అక్షరాలు బాగున్నాయని చాలామంది ఆగి చదివారు.

బ్యాంకు రేటు రోజుకి రెండుసార్లు మారుతుంది, పదింటికీ పన్నెండింటికీ. పదింటిది అద్దంలోంచి కనబడుతుంది. పన్నెండింటికి పలకల మీద ఎండ కొడుతుంది, రోడ్డు దాటి వెళ్ళి చూడాలి. దాటి చూసి, వచ్చి, బల్ల మీద మార్చి రాయాలి. ఇందులో ఒక్కరోజు కూడా తప్పకూడదు. తప్పితే వాడికీ నాకూ తేడా ఏముంది.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే ఆడపడుచు నవ్వింది. ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో చేస్తుంది, మా ఆయన పోయాక నాతోనే ఉంటోంది. "ఇంతకీ నీకు జీతమిచ్చేది ఎవరు వదినా, కోటాయనా, ఆ రౌండా?" అంది. దాని నోటికి తాళం లేదు.

జూన్ 19

ఓడ పెద్దాయన వచ్చాడు.

తల వంచుకుని రసీదు రాశాను. బ్యాంకులో కూడా నెలనెలా కౌంటరు మీద ఒక పెప్పర్‌మెంటు బిళ్ళ పెట్టి వెళ్ళేవాడు. ఇక్కడా పెట్టాడు. పెన్షన్ ఇకనుంచి ఈ దుకాణం ద్వారా తెప్పించుకుంటానన్నాడు. మంచిదన్నాను. బిళ్ళ సొరుగులో ఉంది. నాకు తీపి పడదు.

జూలై 1

బ్యాంకు నుంచి ఇటు తిరిగినవాళ్ళు ఇప్పటికి నలభై ఒక్కమంది. అద్దాల దుకాణం ఆవిడ, యంత్రాల విడిభాగాలు తెప్పించుకునే అన్నదమ్ములు, సంగీతం మాస్టారు. ఒక్కొక్కళ్ళూ బ్యాంకు మెట్లెక్కి, తల తిప్పి బల్ల చదివి, మెట్లు దిగి రోడ్డు దాటుతుంటే నా కడుపులో చల్లగా ఉంటోంది. ఇవాళ రౌండు గది కిటికీకి తెర వేశారు. వేసుకోనీ. తెర వెనకాల కూడా రోడ్డు కనబడుతుంది.

జూలై 9

దగ్గుల క్యాషియర్ టీ తాగడానికొచ్చినట్టు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "బాగున్నావా చెల్లెమ్మా?"

చెల్లెమ్మట. విచారణ రోజు ఆ చెల్లెలు ఎక్కడికి పోయిందో. దగ్గు తగ్గిందా అని అడిగాను. ముఖం మాడ్చుకుని తలుపు పక్కకి జరిగాడు. విదేశీ డబ్బు కౌంటరు ఖాళీగా ఉంటోందనీ, పై ఆఫీసు నుంచి రెండు ఉత్తరాలొచ్చాయనీ, రౌండు ఎవరితోనూ మాట్లాడటం లేదనీ చెప్పాడు. ఉత్తరాలు తీసుకుని ముద్ర వేసే పని కూడా ఇప్పుడతనిదే, మనుషుల్ని తగ్గించారట. తాగి వెళ్ళమన్నాను, టీ తాగకుండానే వెళ్ళాడు.

రెండు ఉత్తరాలు. ఇంకా రావాలి.

జూలై 15

బల్ల కింద ఒక వాక్యం చేర్చాను. "మీరు కొన్న వేళకి బ్యాంకు రేటు ఇంతకంటే మెరుగ్గా ఉంటే, తేడాకి రెట్టింపు వాపసు." దానికి తోడు ఒక చీటీ. రెండు రేట్లూ, మిగిలిన డబ్బూ రాసి, 'పోల్చి చూసుకున్నాను' అన్న మాట కింద కొనేవాళ్ళు సంతకం పెడతారు. ఒక నకలు వాళ్ళకి, ఒకటి మాకు.

కోటాయన ఆ వాక్యం చూసి కంగారుపడ్డాడు. రెట్టింపు ఎవరిస్తారని అడిగాడు.

"నా జీతంలోంచి నేనిస్తాను. పన్నెండింటికి చూసేది నేనే కదా."

బ్యాంకులో ఎవరూ ఏదీ పోల్చమని జనానికి చెప్పరు. ఆ చీటీ జనం మంచి కోసం పెట్టాను. వాళ్ళ సంతకాల కట్ట చూసుకుంటే ఎంత బాగుంటుందో అది వేరే సంగతి.

జూలై 16

ఆడపడుచు: "నిద్రలో రేట్లు చదువుతున్నావు వదినా. ముప్ఫై ఒకటి పాయింట్ ఏదో అన్నావు. మా అన్నయ్య పేరైనా అంత శ్రద్ధగా పిలిచావా ఎప్పుడైనా?"

ఆగస్టు 6, మంగళవారం

వచ్చాడు.

అంతా వరసగా రాయాలి. ఒక్క ముక్క కూడా పోకూడదు.

పదకొండూ యాభై ఐదు. వరసలో నలుగురున్నారు, మూడోవాడు వాడు. చంకలో నల్ల గొడుగు, చేతిలో ప్లాస్టిక్ కవరు. ముందు నా కళ్ళని నేను నమ్మలేదు. తర్వాత ఒళ్ళంతా వేడెక్కింది. ముందున్న ఇద్దరి నోట్లూ రెండేసి సార్లు లెక్కపెట్టాను. అవసరం లేదు, యంత్రం ఒకసారికే చెబుతుంది. వాడు నిలబడాలి. నలుగురి మధ్యలో, నా ఎదురుగా, నేను పిలిచేదాకా నిలబడాలి. విచారణ గది బయట బెంచీ మీద నన్ను గంటన్నర కూర్చోబెట్టాడు. గంటన్నర కుదరలేదు కానీ పావుగంట నిలబెట్టాను. ఆ పావుగంటా వాడి మీంచి కళ్ళు తిప్పలేదు. జుట్టు బాగా నెరిసింది. చొక్కా కాలరు లోపల చిరిగింది. అన్నీ చూశాను.

వంతు వచ్చింది. "ఏం కావాలి సార్" అన్నాను. నోట్లోంచి సార్ అని వచ్చేసింది. ఛీ.

ఆరువేల నూట నలభై నీలం నోట్లు కావాలన్నాడు. కవరులోంచి బయటిదేశం ఆసుపత్రి కాగితం తీసిచ్చాడు. భార్యకి కళ్ళ ఆపరేషన్, అడ్వాన్సు. మా ఆయన పోయినరోజు వచ్చి, ఒక్కమాటా మాట్లాడకుండా సాయంత్రందాకా నా పక్కన కూర్చున్న మనిషి ఆవిడ. ఆవిడతో నాకేం తగువు లేదు. కాగితం చదివి పక్కన పెట్టాను.

"బ్యాంకులో దొరకలేదా?"

"ఇక్కడ రేటు బాగుంటుందని విన్నాను."

"యంత్రం చప్పుడులో వినబడలేదు. మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాడు. వరసలో వెనకున్నావిడ తల ఊపింది. నా ఇరవై మూడేళ్ళూ ఆ ఒక్క వాక్యంతో తీరిపోయినట్టనిపించింది.

చీటీ రాశాను. బ్యాంకు రేటు ముప్ఫై ఒకటి పాయింట్ ఎనభై ఐదు. మా రేటు ముప్ఫై ఒకటి పాయింట్ ఇరవై. మీకు మిగిలేది నాలుగువేల నూట నలభై ఒకటి. చదువుకుని సంతకం పెట్టమని పెన్ను ముందుకి తోశాను. వాడు చీటీ మీద అంకెలన్నీ వేలు పెట్టి చదివాడు. వెనక్కి తిరిగి గుమ్మంలోంచి బ్యాంకు వైపు చూశాడు. కాసేపు అలాగే చూశాడు. సిగ్గుపడుతున్నాడనుకుని ఆ సిగ్గు కూడా కళ్ళారా చూశాను. ఆ తర్వాత జేబులోంచి సొంత పెన్ను తీసి సంతకం పెట్టాడు.

"చదివే పెట్టారా?" నా చేత ఉత్తరం మీద సంతకం పెట్టించాక వాడడిగిన మాటే అడిగాను.

"చదివే పెట్టాను" అన్నాడు. నేనూ అప్పుడు అదే అన్నాను.

ఆగస్టు 7

ఇవాళ కాఫీ కూడా బాగుంది.

ఆగస్టు 8, గురువారం

దగ్గుల క్యాషియర్ వచ్చాడు. ఈసారి లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"మొన్న పన్నెండింటి రేటు చూశావా చెల్లెమ్మా?"

చూడకేం, రోజూ చూస్తానని అనబోయాను. మంగళవారం పన్నెండింటికి నేను రోడ్డు దాటలేదు. వాడి కాలరు చూస్తూ కూర్చున్నాను.

"ముప్ఫై ఒకటి పాయింట్ సున్నా ఐదు" అన్నాడు. "పదకొండూ యాభైకే మార్చాం. పొద్దున బయట రేటు పడిపోయింది. పడ్డా మామూలుగా దిండు వేసి పెడతాడు కదా, ఆరోజు మొత్తం తీసెయ్యమన్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. ఎందుకండీ అంటే, ఈ ఒక్కపూటకే అన్నాడు. పలకలు తగిలించింది నేనే. తగిలించగానే గొడుగు తీసుకుని మీ దగ్గరికి వచ్చాడు."

అతను వెళ్ళాక లెక్క వేశాను. కాగితం మీద మూడుసార్లు, యంత్రం మీద ఒకసారి. రుసుము నూట యాభై కలిపినా కూడా, బ్యాంకులో కొనుంటే వాడికి ఏడువందల డెబ్బై ఒకటి తక్కువయ్యేది. నేను చీటీ మీద నాలుగువేల నూట నలభై ఒకటి మిగిలిందని రాసిచ్చాను. తెలిసే సంతకం పెట్టాడు. నా అబద్ధం కింద, చదివి మరీ.

తల కొట్టేసినట్టుంది.

ఆగస్టు 9

ఎందుకు చేశాడు?

ఒకటి. ఉచ్చు. ఆ చీటీ పట్టుకెళ్ళి పై ఆఫీసుకి పంపిస్తాడు. చూడండి, ఈవిడ అక్కడా కాలమ్‌లు తారుమారుగా చదివేది, ఇక్కడా అంతే అంటాడు. బల్ల పోతుంది, కోటాయన దుకాణం పోతుంది, నా ఉత్తరంలోని అబద్ధం నిజమైపోతుంది.

రెండు. క్షమాపణ. నోటితో చెప్పడం చేతకాక దిండు తీసి, రోడ్డు దాటొచ్చి, నష్టపోయి, సంతకం పెట్టి వెళ్ళాడు. లెక్క తీర్చేశాననుకుంటున్నాడు.

ఉచ్చయితే నయం. ఉచ్చయితే నేను గెలవొచ్చు. క్షమాపణయితే నాకు ఒళ్ళు ఇంకా మండుతుంది. నా తొమ్మిది నెలల ఖరీదు ఏడువందల డెబ్బై ఒకటా? అది కూడా భార్య కళ్ళ డబ్బులోంచా? నేను కోల్పోయినదానికి రేటు ఎంతో వాడి గదిలో వాడే కూర్చుని వేసుకుని, రౌండు చేసి, నా చేతిలో పెట్టి పోతాడా? రేటు పెట్టేది వాడా?

పుచ్చుకోను.

అదే రోజు

జూన్ ఏడున నేను రాసింది తిరగేశాను. "ఆయన పెన్షన్‌కి నోట్ల రేటు పడింది" అని రాశాను.

పడలేదు. వేశాను. పద్నాలుగు నెలలు, ఈ చేత్తో. మొదటి నెల వేసే ముందు ఒకసారి పెన్ను కింద పెట్టాను. రెండో నెల పెట్టలేదు.

ఆగస్టు 10

ఓడ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. రెండో అంతస్తు, చిన్న గది, గోడ నిండా పడవల బొమ్మలు. కూతురు కూరగాయలకి వెళ్ళింది. కూర్చోకుండానే చెప్పేశాను. అది అజాగ్రత్త కాదండీ, మేనేజరు చెప్పాడు, తెలిసే వేశాను.

ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. "నోట్ల రేటని నాకు మూడో నెలే తెలుసు తల్లీ. ముప్ఫై ఏళ్ళు రేవురేవునా డబ్బు మార్చుకున్నవాణ్ణి."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వొకసారి తలెత్తి చూస్తే అడుగుదామనుకున్నా. ఎత్తలేదు."

అందుకేనేమో నెలనెలా ఆ బిళ్ళ. మెట్లమీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఏడుస్తూనే ఏం చెయ్యాలో అనుకున్నాను. దుఃఖం వల్ల నా కోపం తగ్గలేదు. ఇంకొంచెం సూటిగా అయింది.

ఆగస్టు 13, మంగళవారం

పదిహేడు నెలల తర్వాత బ్యాంకు మెట్లెక్కాను. పన్నెండు గంటలకి. ముందు బోర్డు చూసి రేటు రాసుకున్నాను. పని పనే.

లోపల ఆరుగురు జనం. దగ్గుల క్యాషియర్ కౌంటర్లో ఉన్నాడు. రౌండు గది తలుపు తెరిచే ఉంది, నన్ను చూసి లేచి బయటికొచ్చాడు. లోపలికి రమ్మన్నాడు. ఇక్కడే బాగుందన్నాను.

రెట్టింపు అంటే వెయ్యిన్నీ ఐదువందల నలభై రెండు. కోటాయన దగ్గర జీతంలోంచి ముందుగా తీసుకున్నాను. కౌంటరు మీద అందరి ముందూ లెక్కపెట్టాను, చివరి రెండు నాణేలతో సహా. "పోయిన మంగళవారం పన్నెండింటి రేటు నేను చూడలేదు. మీకు తప్పు రేటుకి అమ్మాను. బల్ల మీద మాటిచ్చిన ప్రకారం రెట్టింపు వాపసు."

వాడు డబ్బు వైపు చూడలేదు. "నేనడగలేదు కదండీ" అన్నాడు, నాకు మాత్రమే వినబడేట్టు.

"అడగరనే తెచ్చాను."

ఆ తర్వాత కవరు తీశాను. నిన్నంతా కూర్చుని పై ఆఫీసుకి రాసిన ఉత్తరం. వాడి చేతికిచ్చాను, చదవమన్నాను. ఇదీ అందులోని మాట:

"క్రితం సంవత్సరం నేనిచ్చిన ఉత్తరంలో నా అజాగ్రత్త వల్ల పొరపాటు జరిగిందని రాశాను. అది అబద్ధం. ఆ పద్నాలుగు నెలలూ అజాగ్రత్త అన్నది లేదు. మేనేజరుగారు నోటితో చెప్పారు, నేను తెలిసే చేశాను. అజాగ్రత్త అంటే ఎలా ఉంటుందో మీకు తెలియాలని ఆగస్టు ఆరో తేదీ నేను నిజంగా చేసిన తప్పు చీటీ నకలుని దీనికి జతపరుస్తున్నాను. దాని మీద మేనేజరుగారి సంతకం ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి చూడగలరు."

చదివాడు. మళ్ళీ మొదటికి వెళ్ళి చదివాడు. గొంతు తగ్గించి, "ఇది పైకి పోతే మీ సగం పెన్షన్ కూడా ఆపేస్తారు. తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"నాకు ఇంకా ఎనిమిది నెలలుంది."

"నాకు తొమ్మిది ఉండేవి."

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంటాడనే అనుకున్నాను. అలా పెట్టుకుంటే ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను, బ్యాగులో ఇంకో రెండు నకళ్ళున్నాయి. ఈలోగా కౌంటర్లోంచి ఒక చెయ్యి వచ్చింది. దగ్గుల క్యాషియర్. వాడి వేళ్ళలోంచి కాగితం మెల్లిగా లాక్కున్నాడు. కౌంటరు మీద సాపు చేశాడు. 'అందింది' అనే ముద్ర తీసి సిరాలో అద్ది, తేదీ సరిచూసుకుని, గట్టిగా కొట్టాడు. నా నకలు మీద కూడా కొట్టిచ్చాడు.

"ఆయన నీకలా చెప్పగా నేను విన్నానని కింద రాయమంటావా చెల్లెమ్మా?" అన్నాడు.

రాయమన్నాను. రాశాడు. రాసేదాకా ఒక్కసారి కూడా దగ్గలేదు.

వాడు డబ్బు తీసుకోకుండానే గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. తలుపు వెయ్యలేదు. డబ్బుకి రసీదు లేకుండా కదలనని కౌంటరు దగ్గరే నిలబడ్డాను. చివరికి లేచి వచ్చి, నాణేలతో సహా లెక్కపెట్టుకుని, రసీదు రాసిచ్చాడు. 1,542. కొట్టేసి సున్నా చెయ్యలేదు. ఇది ఆవిడ కళ్ళకి చేరాలని చెప్పాను. తల ఊపాడు.

ఉచ్చా, క్షమాపణా అని అడగలేదు. చెప్పినా నమ్మను.

ఆగస్టు 14

ఆడపడుచుకి ఇవాళ చెప్పాను. ముందు అరిచింది. పెన్షన్ ఆగితే అద్దెలో నీ సగం ఎక్కణ్ణుంచి తెస్తావంది. కోటు జీతంతో ఇద్దరం గంజి తాగుదామా అంది. తర్వాత ఉతికిన దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టింది.

"చల్లబడిందా వదినా?"

"లేదు" అన్నాను. నిజమే చెప్పాను.

"పోనీలే. అబద్ధం ఆడలేదు, అదే చాలు" అని దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది.

ఆగస్టు 30

పై ఆఫీసు నుంచి ఉత్తరం. విచారణ తిరిగి మొదలవుతుంది. అది తేలేదాకా పెన్షన్ నిలుపుదల. సెప్టెంబరు పన్నెండు, పదకొండు గంటలు.

ఇలాంటిదే ఇంకోటి రౌండుకి వచ్చిందట. అదే రోజు, అదే గంట. దగ్గుల క్యాషియర్‌ని సాక్షిగా పిలిచారు. ఓడ పెద్దాయన కూతురు కూడా వస్తుందట.

సెప్టెంబరు 4

ఇటు తిరిగినవాళ్ళు నూట పన్నెండు. లెక్క రాయడం ఇవాళ్టితో మానేస్తున్నాను. బల్ల మాత్రం ఉంటుంది.

సెప్టెంబరు 11, బుధవారం

రేపటికి అన్నీ సర్దుకున్నాను. రెండు ఉత్తరాల నకళ్ళు, ముద్ర ఉన్నదీ లేనిదీ. చీటీ. 1,542కి రసీదు. కళ్ళజోడుకి కొత్త అద్దాలు వేయించాను.

దగ్గుల క్యాషియర్ సాయంత్రం వచ్చి విచారణ గదిలో కుర్చీలు ఎలా వేశారో చూసొచ్చానన్నాడు. టేబులుకి అటువైపు ముగ్గురు పై ఆఫీసువాళ్ళు. ఇటువైపు రెండు కుర్చీలు, ఒకటి వాడికి, ఒకటి నాకు. పక్కపక్కన.

రేపు పన్నెండింటికి నేను ఆ గదిలోనే ఉంటాను. రోడ్డు దాటి బ్యాంకు రేటు చూసి రాయమని కోటాయనకి రెండుసార్లు చెప్పాను. కోటు విప్పి వెళ్ళండి, ఎండగా ఉంటుందన్నాను.

సొరుగు సర్దుతుంటే జూన్ నాటి పెప్పర్‌మెంటు బిళ్ళ కనబడింది. హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పులో, ఉత్తరం ఉండే చోట వేసుకున్నాను. రేపు వాడి పక్కన కూర్చున్నప్పుడు నోట్లో వేసుకుంటాను. తల మాత్రం దించను.